నేరం ఋతువుల మీదికి నెట్టకండి

ఎడిటర్ గారికి,

ఇంగ్లీషు రచయిత థామస్ హార్డీ 'టెస్' నవలలో ఋతువుల గురించి మీ సాహిత్యం పేజీలో వచ్చిన వ్యాసం చదివాను. వసంతం కన్యత్వం, వేసవి కోరిక, చలికాలం చావు అంటూ కాలానికో అర్థం అంటగట్టి, చివరికి టెస్‌కి జరిగిందంతా ప్రకృతి ధర్మమే అన్నట్టు తేల్చేశారు. టెస్ ఆ నవలలో కథానాయిక, పేదింటి పల్లెటూరి పిల్ల. ప్రబంధాలు చదువుకున్నవాళ్ళం కదా, చిగుళ్ళు కనిపిస్తే చాలు మన్మథుడు బాణం తీశాడనుకోవడం మనకి అలవాటే. కానీ ఆ అలవాటుతో ఈ నవల చదివితే, ఆమెని చెరిచిన డబ్బున్న కుర్రాడు అలెక్ తప్పించుకుపోతాడు, నా బాధ అదీ.

స్ట్రాబెర్రీల ఘట్టమే చూడండి. ఇంట్లో గడవక, చుట్టరికం చెప్పుకుని సాయం అడుగుదామని టెస్ ఆ బంగళాకి వెళ్తుంది. స్ట్రాబెర్రీలంటే ఇష్టమా అని అడుగుతాడు అలెక్. వాటి కాలం వచ్చినప్పుడు ఇష్టమే అంటుంది. ఇక్కడ అప్పుడే వచ్చేశాయి అంటాడు. పల్లెటూరి పిల్లకి కాలం వస్తేనే పండు, డబ్బున్నవాడికి కాలంతో పనేముంది? మంచి పండొకటి ఏరి, తొడిమ పట్టుకుని ఆమె నోటికందిస్తాడు. వద్దు, నా చేత్తో తీసుకుంటాను అంటుంది, వినడు, ఇక తప్పక ఇబ్బంది పడుతూనే నోరు తెరుస్తుంది. సెప్టెంబర్ రాత్రి పొగమంచులో, అడవిలో అలసి నిద్రపోయిన ఆ పిల్లకి జరగబోయేదంతా ఇక్కడే ఉంది. ఇందులో ఋతుధర్మం ఎక్కడుందండీ?

నిజంగా కాలంతో పాటు పెరిగే కోరిక తర్వాత ఆమె పాలు పితికే పనికి చేరిన టాల్బోథేస్ డెయిరీలో ఉంది. జూన్ నెల సాయంత్రం, తర్వాత ఆమెని పెళ్ళాడబోయే ఏంజెల్ హార్ప్ వాయిస్తుంటే టెస్ కలుపు మొక్కలు బలిసిన తోటలోంచి అటు నడుస్తుంది. లంగాకి పురుగుల నురగ అంటుకుంటుంది, కాళ్ళ కింద నత్తలు చితుకుతాయి, చేతులకి ముళ్ళమొక్కల పాలు, జిగురు. మన కవులైతే ఇక్కడ మల్లెలు, వెన్నెల పరిచేసేవారు. హార్డీ మరకలే రాశాడు, పైగా ఆమెని అక్కడికి ఎవరూ లాక్కెళ్ళలేదు, తనంతట తానే నడిచింది. రెండు ఘట్టాలకీ ఉన్న తేడా అదే, వ్యాసంలో మాత్రం రెండూ ఒకే "యౌవన వేసవి" కిందికి వచ్చేశాయి.

ఏంజెల్ కూడా తక్కువ తినలేదు. వేసవంతా ప్రకృతి పుత్రిక అని మురిసిపోయి, డిసెంబర్ 31న పెళ్ళాడి, ఆ రాత్రి తన పాత తప్పు చెప్పుకుని క్షమించమని అడిగి, ఆమె తన గతం చెప్పేసరికి మొహం తిప్పేసుకుంటాడు. దానికి చలికాలం ఏం చేసింది?

అప్పటి ఎడిటర్ల సంగతి కూడా చెప్పాలి (మీరేమీ అనుకోకండి). 1891లో ఇది గ్రాఫిక్ వారపత్రికలో సీరియల్‌గా వచ్చినప్పుడు అడవి ఘట్టం తీసేసి టెస్‌ని నమ్మించే ఉత్తుత్తి పెళ్ళి పెట్టాల్సి వచ్చింది. వరద నీళ్ళు నిండిన దారిలో ఏంజెల్ పాలు పితికే నలుగురు అమ్మాయిల్ని చేతులమీద ఎత్తుకుని దాటించడం కూడా పనికిరాదన్నారు, హార్డీ ఒక తోపుడుబండి తెప్పించి అందులో కూర్చోబెట్టాడు! పూలు, పండ్లు, ఎండ వర్ణించడానికి మాత్రం ఎవరికీ అభ్యంతరం లేదు. కాబట్టి ఆయన చెప్పదలచుకున్నది చాలావరకు వాటిలో దాచాడు.

వ్యాసంలో అసలు రానిది ఒకటుంది. భర్త వదిలేశాక, ఫ్లింట్‌కాంబ్-యాష్‌లో దుంపలు తవ్వే కూలిపనికి వెళ్ళే దారిలో, మగాళ్ళ చూపులు భరించలేక టెస్ మొహానికి గుడ్డ కట్టుకుని తన కనుబొమలు తనే కత్తిరించేసుకుంటుంది. లైంగికత, చలికాలం అని పేజీ నిండా రాసి దీన్ని వదిలేయడం ఏమిటో నాకైతే అర్థం కాలేదు.

ఇక చలికాలం అంటే చావు అన్నారు. టెస్‌ని అలెక్‌ని చంపినందుకు ఉరితీసింది జులైలో, ఎండ బాగా కాసిన ఉదయం పూట.

ఇట్లు,
ఒక పాఠకురాలు, కాకినాడ