సగం ఎత్తిన షట్టర్ కింద నుంచి నా నవల అందుకున్న తమ్ముడికి

2020 లాక్‌డౌన్‌లో తీరిక దొరికిందని నవల మొదలుపెట్టాను. నాలుగు నెలలు ఒక్క వాక్యం కదల్లేదు. పాలప్యాకెట్లు సబ్బునీళ్ళతో కడగడంతోనే సరిపోయింది. 2021 మే 12న తెలంగాణలో మళ్ళీ లాక్‌డౌన్ పెట్టేనాటికి 340 కాగితాలయ్యాయి, అన్నీ చేతిరాతే. పొద్దున ఆరు నుంచి పది దాకానే సడలింపు.

నల్లకుంట డీటీపీ షాపు తమ్ముడూ, పేరు రాయొద్దన్నావు, రాయను. కూరగాయల సంచీలో కాగితాలు తెస్తే, సగం ఎత్తిన షట్టర్ కింద నుంచి అందుకుని శానిటైజర్ చల్లేవాడివి. మూడో అధ్యాయంలో సిరా అలుక్కుపోయిన మరక ఇప్పటికీ ఉంది. అచ్చుపనికి వాడే అను ఫాంట్లలో కొట్టింది, ఫోన్లలో, నెట్‌లో చదవగలిగే యూనికోడ్‌లోకి మారిస్తే ఒత్తులన్నీ చెదిరిపోయాయి; రాత్రుళ్ళు కూర్చుని దిద్దావు. అదంతా ఒక ఎత్తు. "సార్, తొమ్మిదో అధ్యాయంలో పోయిన పెద్దాయన పదిహేడులో టీ తాగుతున్నాడండీ" అని ఫోన్ చేశావు చూడు, అదొక ఎత్తు. అప్పటికే ఇద్దరు మిత్రులు చదివి మెచ్చుకున్నారు కూడా!

పేజీకి పాత రేటే తీసుకున్నావు. ఇప్పుడు షాపు ఖాళీ చేశావట. నీ కాపీ నా దగ్గరే ఉంది, ఎక్కడున్నావో కబురు చెయ్యి, తెచ్చిస్తాను.