ఆపరేషన్‌కు ముందు ఒంటి సత్తువనూ కొలవండి

సంపాదకునికి,

క్యాన్సర్ శస్త్రచికిత్సల వార్తల్లో కణితి దశ, కొత్త యంత్రాల గొప్ప తప్ప, ఆ కోతను తట్టుకోవలసిన శరీరం ఊసే ఉండదు. అన్నవాహిక, కాలేయం వంటి పెద్ద ఆపరేషన్ల తర్వాత ఒంటికి ఆక్సిజన్ అవసరం బాగా పెరుగుతుంది. గుండె, ఊపిరితిత్తులు దాన్ని అందించలేకపోతే న్యుమోనియా వంటి చిక్కులు ముసురుకుంటాయి.

మనిషిని చూసి ‘బాగానే ఉన్నారు’ అనుకుంటే చాలదు. 2018లో ‘లాన్సెట్’ వైద్య పత్రిక ప్రచురించిన ఒక అధ్యయనంలో, గుండెకు సంబంధించని పెద్ద ఆపరేషన్లకు సిద్ధమైన 1,401 మందిని నాలుగు దేశాల్లో పరిశీలించారు. సత్తువ తక్కువగా ఉన్నవారిలో డాక్టర్లు తమ అంచనాతో పట్టుకోగలిగింది సుమారు ఐదుగురిలో ఒకరినే! మెట్లెక్కగలరా, ఇంటిపని చేసుకోగలరా అని అడిగే 12 ప్రశ్నల డ్యూక్ ప్రశ్నావళి అంతకంటే నమ్మదగినదిగా తేలింది.

సైకిల్ తొక్కిస్తూ శ్వాసను కొలిచే పరీక్ష ఖరీదైనదే, అన్నిచోట్లా దొరకదు. ఆరు నిమిషాల్లో ఎంత దూరం నడవగలరో చూసే నడక పరీక్షకు మాత్రం పొడవైన వరండా, గడియారం, పక్కన ఒక నర్సు ఉంటే సరిపోతుంది. దీనికీ తీరిక లేదంటే నమ్మడం కష్టం.

ఫలితం తక్కువ వచ్చిందని రోగిని తిప్పి పంపమనడం లేదు. ఆపరేషన్‌కు ముందు కొందరికి ఇచ్చే కీమోథెరపీ సత్తువను హరిస్తుంది. అది ముగిశాక ఆపరేషన్‌కు సాధారణంగా కొన్ని వారాల వ్యవధి ఉంటుంది. ‘విశ్రాంతి తీసుకోండి’ అని ఇంటికి పంపే బదులు, ఆ రోజుల్లో పర్యవేక్షణతో వ్యాయామం, తగినంత మాంసకృత్తులున్న ఆహారం, పొగ మాన్పించే సాయం అందించవచ్చు. ఆపరేషన్ తేదీ రాసే కాగితం మీదే నడక పరీక్ష ఫలితమూ నమోదు చేయాలని ఆస్పత్రులను కోరుతున్నాను.

— ఒక పాఠకురాలు