ముసురా, ఉక్కపోతా?

ఒరేయ్ మామా,

ఎలా ఉన్నావ్‌రా, ఇంట్లో అందరూ బాగున్నారా. అమెరికా వస్తే హ్యూస్టన్‌లో ఉండాలా, సియాటిల్‌లో ఉండాలా అని మొన్న ఫోన్లో నువ్వడిగిన దానికి పది నిమిషాల్లో ఏదో చెప్పేసి పెట్టేశాను గానీ ఆ రాత్రంతా అదే ఆలోచన, నిద్ర పట్టలేదు, తొందరపడి తప్పు చెప్పానేమో అనిపించింది, అందుకే ఇలా కూర్చుని రాస్తున్నా. "నేను కాకినాడ వాడిని, హ్యూస్టన్ ఎండ నన్నేం చేస్తుందిరా, అయినా సియాటిల్ చల్లగా ఉంటుందంటగా, పాపకి బాగుంటుంది" అన్నావ్ చూడు, ఆ మాటలో రెండు ముక్కలూ సగం సగమే నిజం. నేను హ్యూస్టన్‌లో అయిదేళ్ళున్నా, ఇక్కడ సియాటిల్ పక్కన ఇది అయిదో చలికాలం, రెండూ ఒంటి మీద పడ్డవే కాబట్టి తెలిసిందంతా చెప్తా, ఓపిగ్గా చదువు.

ముందు ఎండ సంగతి. మనకి ఎండాకాలం అంటే ఏంట్రా, ఏప్రిల్, మే, రోహిణి కార్తెలో రోళ్ళు పగుల్తాయంటాం, మృగశిర రాగానే నాలుగు చినుకులు పడతాయి, మట్టి వాసనొస్తుంది, అమ్మయ్య అనుకుంటాం. ఎంత ఉక్కపోసినా సాయంత్రమయ్యేసరికి సముద్రం మీంచి గాలి కొడుతుంది, అరుగు మీద కూర్చుంటాం, డాబా మీద పక్కలేసుకుని పడుకుంటాం. హ్యూస్టన్‌లో మృగశిర లేదురా. వానలు పడతాయి, దంచికొడతాయి, కానీ వాన వెలిసిన పావుగంటకి రోడ్ల మీంచి ఆవిరి లేస్తుంది, ఇంకా ఎక్కువ ఉక్కపోస్తుంది. మే నెల్లో మొదలైంది అక్టోబర్లో ఉత్తరం నుంచి మొదటి చల్లగాలి వచ్చేదాకా అదే వరస. ఆగస్టులో పగలు 95, 96 ఫారెన్‌హీట్, అంటే మన లెక్కలో 35 డిగ్రీలు, అదేం పెద్ద నంబర్ కాదు, హైదరాబాద్‌లో నువ్వు 42 చూస్తున్నావ్. కానీ యాప్‌లో టెంపరేచర్ చూడకురా, డ్యూ పాయింట్ అని ఉంటుంది అది చూడు, గాలిలో తడి ఎంతుందో చెప్పే లెక్క. అది ఫారెన్‌హీట్‌లో 60 లోపలుంటే హాయి, 70 దాటితే జిగట, అక్కడ వేసవి మొత్తం 75 చుట్టూనే తిరుగుతుంది. చెమట ఆరితేనే కదా ఒళ్ళు చల్లబడేది, అక్కడ చెమట పడుతుంది తప్ప ఆరదు. తెల్లారుజామున అయిదింటికి వాకింగ్‌కి వెళ్ళినా చొక్కా ఒంటికి అతుక్కుపోతుంది, ఎందుకంటే రాత్రి కూడా 76, 77 కంటే కిందికి దిగదు.

అప్పుడేం చేస్తారంటే అందరూ ఇంట్లో ఏసీ, కార్లో ఏసీ, ఆఫీసులో స్వెట్టర్ వేసుకునేంత ఏసీ. ఎండ మీద పడేది పార్కింగ్ లాట్‌లో నడిచే రెండు నిమిషాలే. మా అబ్బాయికి అప్పుడు మూడేళ్ళు, జులై, ఆగస్టుల్లో వాడు సాయంత్రం ఏడు దాటాక తప్ప బయట ఆడలేదు, అప్పుడు కూడా దోమలు. ఎండ అలవాటున్న మనుషులం అన్నది నిజమే గానీ మనకి అలవాటైన ఎండలో గాలి ఉంది, నీడ ఉంది, కుండలో నీళ్ళున్నాయి, వీధిలో మనుషులున్నారు. అక్కడ ఎండలో నువ్వొక్కడివే నడుస్తావ్, పక్కన కార్లు పోతుంటాయి.

అయితే నవంబర్ నుంచి మార్చి దాకా హ్యూస్టన్ స్వర్గం అంటే నమ్ము. సంక్రాంతికి పిల్లలు గాలిపటాలెగరేస్తారు, ఒక పల్చటి స్వెట్టర్ చాలు. పెరట్లో కరివేపాకు చెట్టు నేలలోనే పెరుగుతుంది, మునక్కాయలు కాస్తాయి. దోసెల పిండి రాత్రి కలిపి పెడితే పొద్దున్నకి గిన్నె దాటి పొంగుతుంది. నవ్వకు, ఇక్కడికొచ్చాక ఆ పిండి విలువ తెలిసింది, దాని దగ్గరికి వస్తా.

తుఫాన్ల గురించి నువ్వు అడగలేదు, నేనే చెప్పాలి. 96 నవంబర్ తుఫాను నీకు గుర్తుందిగా, కోనసీమలో కొబ్బరిచెట్లు చాపలా పడిపోయాయి, మనం ఎనిమిదో క్లాసు, ఎన్ని రోజులు కరెంటు లేకుండా ఉన్నాం. 2017 ఆగస్టులో హార్వీ వచ్చినప్పుడు నాకు అదే గుర్తొచ్చింది, అయితే ఇది గాలి కాదు, నీళ్ళు. వచ్చి కదలకుండా కూర్చుంది, నాలుగు రోజులు ఆగకుండా వాన, నెదర్లాండ్ అనే ఊళ్ళో 60 అంగుళాలు దాటింది, అంటే 1500 మిల్లీమీటర్లు, మన కాకినాడలో ఏడాదంతా పడేదానికంటే ఎక్కువ. మేం రెండో అంతస్తులో ఉన్నాం కాబట్టి బతికిపోయాం, కింద పార్కింగ్‌లో కారు పోయింది. అప్పుడు తెలిసిందేంటంటే మామూలు ఇంటి ఇన్సూరెన్సులో వరద నష్టం రాదు, ఫ్లడ్ ఇన్సూరెన్స్ విడిగా కట్టాలి, గవర్నమెంటు స్కీములో తీసుకుంటే మామూలుగా 30 రోజులయ్యాక గానీ అమల్లోకి రాదు, తుఫాను బయల్దేరాక కట్టి లాభం లేదు. వరద ప్రాంతం కాదు అని మ్యాపులో ఉన్న ఇళ్ళు కూడా వేలల్లో మునిగాయి ఆ ఏడు. అక్కడ ఇల్లు కొంటే హార్వీలో నీళ్ళొచ్చాయా అని మొదటి ప్రశ్న అడుగు, స్కూల్ రేటింగ్ తర్వాత.

ఇంకోటి, వేడి ఊరు కదా అని చలికి సిద్ధంగా ఉండరు. 2021 ఫిబ్రవరిలో ఒక మంచు తుఫాను వచ్చింది, టెక్సస్ మొత్తమ్మీద 45 లక్షల ఇళ్ళకి పైగా కరెంటు పోయింది. మాకు మూడు రోజులు లేదు, ముగ్గురం ఒకే మంచం మీద ఉన్న దుప్పట్లన్నీ కప్పుకుని కూర్చున్నాం, పక్కింట్లో పైపులు పగిలి సీలింగ్ ఊడి పడింది. నా కరివేపాకు చెట్టు మోడైపోయింది. మొన్న 2024 జులైలో బెరిల్ తుఫాను వచ్చినప్పుడైతే 22 లక్షల కనెక్షన్లకి కరెంటు పోయి, కొన్ని ఏరియాల్లో వారం దాటినా రాలేదంటే ఆ ఉక్కలో ఏసీ లేకుండా ముసలాళ్ళు ఏమైపోతార్రా. హ్యూస్టన్ వేసవి అంటే కరెంటు ఉన్నంతసేపే, అది మనసులో పెట్టుకో.

ఆ మంచు తుఫానుతో మా ఆవిడకి విసుగొచ్చింది, ఆ వేసవిలోనే ఇక్కడికి మారాం. మారే ముందు జులైలో ఒకసారి వచ్చి చూశాం, అక్కడే మోసపోయాం. సియాటిల్‌ని జులైలో చూసినవాడు ఎవడైనా సామాన్లు సర్దేస్తాడురా. 75 డిగ్రీలు, చెమట లేదు, ఆకాశం నీలంగా, దూరంగా రెయినియర్ కొండ మీద తెల్లటి మంచు, రాత్రి తొమ్మిదింటికి సూర్యుడు. కంపెనీల వాళ్ళు మనుషుల్ని చూపించడానికి పిలిచేది కూడా ఆ నెలల్లోనే, గమనించు. అలాగని వేసవి మొత్తం అలాగే ఉంటుందనుకోకు, మేం రావడానికి ముందు 2021 జూన్ చివర్లో ఇక్కడ 108 వచ్చింది, చాలా ఇళ్ళకి ఏసీలే లేవు, ఇంకా ఆగస్టు, సెప్టెంబర్లో అడవులు తగలబడి పొగ కమ్ముకునే రోజులుంటాయి. కానీ అవి రోజులు. చలికాలం నెలలు.

ఇక్కడ చలి అసలు సమస్య కాదు, అది అర్థం చేసుకో. జనవరిలో కూడా పగలు 45, 48 ఉంటుంది, మన లెక్కలో 7, 9 డిగ్రీలు, మంచి జాకెట్టుంటే ఏమీ తెలీదు, స్నో కూడా ఏడాదికి నాలుగు రోజులు పడితే గొప్ప. వాన కూడా అందరూ అనుకున్నంత లేదు, ఏడాది లెక్క తీస్తే హ్యూస్టన్‌లోనే ఎక్కువ, అక్కడ 50 అంగుళాల చుట్టూ, ఇక్కడ 40 లోపు. తేడా ఎక్కడంటే అక్కడ కుండపోత పోసి వెళ్ళిపోతుంది, ఇక్కడ ఏడాదిలో 150 రోజులు తుంపర. మనం ముసురు అంటాం చూడు, సరిగ్గా అదే, మూడు రోజుల ముసురు కాదు, అక్టోబర్ మధ్యలో పట్టిన ముసురు ఏప్రిల్‌కి గానీ వదలదు. శివరాత్రికి చలి శివశివా అని పోతుందంటారు మనవాళ్ళు, ఇక్కడ శివరాత్రి అయిపోయి ఉగాది వచ్చినా మబ్బు మబ్బే. దానికి తోడు చీకటి. డిసెంబర్ 21న సూర్యుడు ఎనిమిదికి అయిదు నిమిషాలుండగా వస్తాడు, నాలుగూ ఇరవైకి వెళ్ళిపోతాడు, అదీ మబ్బు వెనకాల. హ్యూస్టన్‌లో ఆ రోజు కూడా పది గంటల పైన వెలుతురుంటుంది. ఇక్కడి వాళ్ళు దీన్ని బిగ్ డార్క్ అంటారు. మా అబ్బాయి బస్సెక్కేటప్పుడు చీకటి, ఇంటికొచ్చి పాలు తాగేసరికి చీకటి.

మొదటి ఏడాది కొత్త మోజులో గడిచిపోయింది. సంక్రాంతికి వాకిట్లో వాన, మా ఆవిడ గరాజ్‌లో ముగ్గేసింది, ఫొటోలు కూడా పంపాం నీకు. రెండో ఏడాది నవంబర్లో తను మెల్లగా మారింది. ముందు నేను కనిపెట్టలేదురా, అది ఇప్పటికీ బాధ. పది గంటలు పడుకునేది, లేచినా నిద్ర తీరనట్టే ఉండేది, స్వీట్లు తెగ తినేది, వాళ్ళ చెల్లికి రోజూ ఫోన్ చేసే మనిషి వారానికోసారి కూడా చేసేది కాదు. గొడవ లేదు, ఏడుపు లేదు, ఊరికే కిటికీ దగ్గర కూర్చునేది. నేను పిండి పులవట్లేదని చిరాకు పడుతోందనుకున్నా, ఎందుకంటే ఇక్కడ చలికి పిండి పొంగదు, పెరుగు తోడుకోదు, అవెన్‌లో లైటేసి రాత్రంతా లోపల పెట్టాలి, రోజూ ఆ తంటా. జనవరిలో డాక్టర్ దగ్గరికి వెళ్తే రక్తపరీక్షలో విటమిన్ డి బాగా తక్కువ వచ్చింది, నాకూ తక్కువే, మనలాంటి చామనఛాయ ఒంటికి ఎండ ఇంకా ఎక్కువ కావాలంట, ఈ అక్షాంశంలో చలికాలం ఎండలో అది తయారవడమే కష్టమంట. ఆ దిగులుకి కూడా పేరుంది, సీజనల్ అఫెక్టివ్ డిజార్డర్, 1984లో రోసెన్‌థాల్ అనే డాక్టర్, ఆయనతో పనిచేసినవాళ్ళు కలిసి పెట్టిన పేరు. నాకైతే పేరు వినగానే సగం బరువు దిగింది, తన తప్పూ కాదు, మా సంసారం తప్పూ కాదు.

అప్పట్నుంచి పొద్దున్నే అరగంట 10,000 లక్స్ దీపం, అంటే ఈ దిగులుకనే వాడే బాగా వెలుతురుండే దీపం, దాని ముందు కాఫీ తాగుతుంది, నేను మధ్యాహ్నం మీటింగులు పెట్టుకోకుండా ఇద్దరం నడిచొస్తాం, వాన పడినా సరే, ఎందుకంటే ఎంత మబ్బు పట్టినా బయట వెలుతురు ఇంట్లో లైట్ల కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. గొడుగు ఎవరూ వాడరిక్కడ, రెయిన్ జాకెట్టే. ఫిబ్రవరిలో కుదిరితే ఇండియా, కుదరకపోతే అరిజోనా. ఇవన్నీ చేస్తే ఇప్పుడు బాగుంది, పాటలు కూడా పాడుతోంది వంటింట్లో. కానీ చెయ్యాలి, ప్రతి ఏడూ చెయ్యాలి, మర్చిపోతే డిసెంబర్ గుర్తు చేస్తుంది.

నాన్న సంగతి కూడా చెప్తా, మీ అమ్మగారికి పనికొస్తుంది. ఒకసారి నవంబర్లో తీసుకొచ్చాం, పాపం ఆయన రోజూ పొద్దున్న సూర్యుడికి అర్ఘ్యం ఇచ్చే మనిషి, చెంబు పట్టుకుని బాల్కనీలో నిలబడి "ఏ దిక్కున ఉన్నాడురా" అని అడిగేవారు. రెండు నెలలకే టికెట్ ముందుకి జరిపించుకున్నారు. తర్వాత ఏడు మే నెల్లో వచ్చి సెప్టెంబర్ దాకా ఉన్నారు, రోజూ అయిదు కిలోమీటర్లు నడక, పార్కులో మన తెలుగు పెద్దాళ్ళు ఎనిమిది మంది తయారయ్యారు, వెళ్ళనంటే వెళ్ళనన్నారు. కాబట్టి సియాటిల్ అయితే అమ్మని వేసవికి, హ్యూస్టన్ అయితే దీపావళి నుంచి ఉగాది దాకా తీసుకురా, ఎలాగూ ఒక్కసారి వస్తే ఆరు నెలల లోపే కదా ఉండనిచ్చేది.

ఇంక నీ సంగతి. ఇళ్ళ రేట్లు నువ్వే చూసుకుంటావ్, ఇక్కడ రెండింతలు పైనే, రెండు చోట్లా జీతం మీద రాష్ట్రం పన్ను లేదు, టెక్సస్‌లో ఇంటి పన్ను ఎక్కువ, ఆ లెక్క పెద్ద కష్టం కాదు. నాకు భయం వేరే చోట ఉందిరా. హాస్టల్లో ముసురు పట్టినప్పుడల్లా నువ్వు మంచం దిగేవాడివి కాదు. గుర్తుందా, థర్డ్ ఇయర్లో వాయుగుండం వచ్చి అయిదు రోజులు వాన పడితే నువ్వు మెస్సుకి కూడా రాలేదు, నేనే ప్లేట్లో పెట్టి తెచ్చేవాడిని, ఎండ కాయగానే నువ్వే లేచి క్రికెట్ బ్యాట్ తీశావ్. అప్పుడు బద్ధకం అని తిట్టాను. మా ఆవిణ్ణి చూశాక అది బద్ధకం కాదేమో అనిపిస్తోంది. పైగా నీది ఇంటి నుంచి పని, రోజంతా ఒక్కడివే గదిలో. ఆ ఉక్కపోతని నువ్వు తిట్టుకుంటూ గడిపేస్తావ్, చెమటకాయలకి నైసిల్ రాసుకుంటావ్, ఏసీ బిల్లు కడతావ్, అక్టోబర్లో మళ్ళీ మామూలు మనిషివైపోతావ్. ముసురుని నువ్వు అలా గడపలేవని నా భయం. అందుకే మొన్న "సియాటిల్ వచ్చెయ్ రా, పక్కపక్కనే ఉందాం" అన్నది నా స్వార్థం, వెనక్కి తీసుకుంటున్నా. నాకైతే హ్యూస్టనే నీకు నయం అనిపిస్తోంది, ఇల్లు మాత్రం ఎత్తు మీద చూసుకో, చిన్న జెనరేటర్ ఒకటి కొనుక్కో.

అయినా నా మాట మీద మాత్రం తేల్చెయ్యకు. ఆఫీసు వాళ్ళు ఒకసారి చూడ్డానికి పంపిస్తామన్నారుగా, వాళ్ళు మే అంటే ఒప్పుకోకు, ఫిబ్రవరి మొదటి వారం అడుగు, చెల్లెమ్మని కూడా తీసుకురా. పది రోజులు మా ఇంట్లో ఉండండి, ఊరు తిప్పను, ఏ కొండా చూపించను, నువ్వు పొద్దున్న లేచి పని చేసుకో, సాయంత్రం నాలుగున్నరకి కిటికీలోంచి చూడు, అయిదో రోజు నీకెలా ఉందో నాకు చెప్పు. ఉక్కపోత ఎలా ఉంటుందో నీకు కొత్తగా చూపించక్కర్లేదు, ఆగస్టులో కాకినాడ వెళ్ళి ఫ్యాన్ కట్టేసి తలుపులు మూసుకుని కూర్చుంటే అదే.

వచ్చేటప్పుడు అమ్మ పెట్టిన మాగాయ ఒక చిన్న డబ్బా చాలు. శనివారం ఇక్కడ పొద్దున్న ఎనిమిదింటికి చేస్తా, నీకు రాత్రి తొమ్మిదిన్నర అవుతుంది, ఫోన్ ఎత్తు.

నీ
మామ