ఎన్‌వోసీ వచ్చింది, ‘కన్ఫర్మేషన్’ మాత్రం రాలేదు: రవాణా శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ రవాణా శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

ఢిల్లీ నుంచి తెచ్చుకున్న సెకండ్ హ్యాండ్ బండికి తెలంగాణ నంబరు ఇవ్వట్లేదని ఇంతకుముందు పంపిన అర్జీలకు జవాబు రాలేదు కాబట్టి ఈసారి నలుగురూ చదివేలా రాస్తున్నాను. అర్జీలు అందలేదనడానికి మాత్రం వీల్లేదు. సోమవారం అర్జీలు తీసుకునేచోట నా కాగితం మీద గుండ్రటి ముద్ర కొట్టి నంబరు కూడా వేసి ఇచ్చారు. "మీ ఫిర్యాదును సంబంధిత అధికారికి పంపడమైనది" అని ఫోనుకు మెసేజ్ వచ్చింది. తీరా చూస్తే ఆ సంబంధిత అధికారి ఎవరో కాదు, నేను ఎవరి మీద ఫిర్యాదు చేశానో ఆయనే. ఆయన "పరిశీలనలో ఉన్నది" అని ఒక ముక్క రాశారు. ఆ వెంటనే నా ఫిర్యాదు పరిష్కారమైందని ఇంకో మెసేజ్ వచ్చింది. అదెలా పరిష్కారమో అడుగుదామంటే ఆ మెసేజ్‌కు రిప్లై ఇచ్చే వీలు లేదు.

ఢిల్లీ నుంచి సెకండ్ హ్యాండ్ డీజిల్ బండి ఎందుకు తెచ్చుకుంటారో మీకు నేను చెప్పనక్కర్లేదు. పదేళ్లు దాటిన డీజిల్ బండ్లను ఢిల్లీ చుట్టుపక్కల తిరగనివ్వొద్దని హరిత ట్రిబ్యునల్ 2015లో చెప్పింది, 2018లో సుప్రీంకోర్టూ అదే మాట అంది. తర్వాత ఆ ఆదేశాలు ఎన్ని మలుపులు తిరిగినా అక్కడి జనానికి భయం మాత్రం పోలేదు. ఏడెనిమిదేళ్ల బండిని వచ్చిన ధరకు వదిలించుకుంటున్నారు. ఇంజను బాగుంటుంది, మన దగ్గరి ధరతో పోలిస్తే లక్షల్లో తేడా ఉంటుంది. ఇంట్లో పెద్దవాళ్లున్నారు, ఏడు సీట్ల బండి కావాలి, కొత్తది కొనే స్తోమత లేదు. అందుకే తెచ్చుకున్నాను. దేశంలో ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి బండి తెచ్చుకోవడం నేరం కాదు కదా. ఇప్పుడు నన్ను చూసే తీరు చూస్తుంటే అది కూడా ఒకసారి అడిగి కనుక్కోవాలనిపిస్తోంది.

ఢిల్లీవైపు పని సాఫీగానే జరిగింది. చలానాలన్నీ ఆ యజమాని కట్టేశాడు, లోన్ క్లియర్ అయిన కాగితం ఇచ్చాడు, ఫారం 28తో ఎన్‌వోసీ, అంటే బండిని వేరే రాష్ట్రానికి మార్చుకోవడానికి అభ్యంతరం లేదన్న పత్రం తీశాం, పేరు మార్పు ఫారాలు 29, 30 మీద సంతకాలు అయ్యాయి. బండి ఎన్‌హెచ్ 44 మీద ఆగ్రా, ఝాన్సీ, నాగ్‌పూర్ మీదుగా ఆదిలాబాద్ దాటి మన గడ్డ మీదికి వచ్చింది. రాగానే కొత్త నంబరు కోసం దరఖాస్తు పెట్టాను. కథ అక్కడే ఆగింది.

ఆఫీసు ఆవరణలో బండి చూపించమన్నారు, చూపించాను. బానెట్ ఎత్తారు. చాసిస్ నంబరు మీద పేరుకున్న జిడ్డును ఒక కుర్రాడు పెట్రోలు గుడ్డతో తుడిచి, పల్చటి కాగితం పెట్టి నాలుగు వైపులా టేపు వేసి, పెన్సిల్‌తో మెల్లగా రుద్దాడు. ఒక్కో అంకె కాగితం మీద తేలుతుంటే నాకే ముచ్చటేసింది. పదిహేడు అక్షరాలూ ఆర్సీలో ఉన్నట్టే వచ్చాయి. ఇన్‌స్పెక్టర్ గారు చూసి తల ఊపి సంతకం పెట్టారు. బండి అదే, నంబరు అదే, కాగితాలు అవే. ఇంకేం, అయిపోయినట్టే అనుకున్నాను.

"ఢిల్లీ నుంచి కన్ఫర్మేషన్ రావాలండి" అన్నారు కౌంటర్లో.

ఎన్‌వోసీ ఇచ్చింది ఢిల్లీయే కదా అన్నాను. ఇచ్చింది నిజమేనని వాళ్లు మళ్లీ చెప్పాలట. మనవాళ్లు లెటర్ పెడతారు, వాళ్లు జవాబిస్తారు, ఆ జవాబు వచ్చాక ఫైలు కదులుతుంది. లెటర్ ఎప్పుడు పెడతారని అడిగితే "పెట్టేశాం" అన్నారు. ఏ తేదీన అంటే "చూడాలి" అన్నారు. ఆ చూసే మనిషి ఆ రోజు సెలవు. తర్వాత వెళ్లినప్పుడు ఆయన ఉన్నారు గానీ, ఆ సీటు ఇప్పుడు ఆయన చూడట్లేదట.

కేంద్ర ప్రభుత్వ యాప్‌లో నా బండి నంబరు కొడితే ‘ఎన్‌వోసీ ఇష్యూడ్’ అని స్పష్టంగా వస్తుంది. ఆ ఫోను కౌంటరు అద్దానికి ఆనించి చూపించాను. ఆయన కళ్లజోడు పైకి జరుపుకుని చదివారు కూడా. చదివి, "ఫోన్‌లో ఉన్నది చెల్లదండి, లెటర్ రావాలి" అన్నారు. దేశంలో ఎవరైనా, ఎక్కడినుంచైనా చూడగలిగే ప్రభుత్వ రికార్డు ప్రభుత్వ ఆఫీసులోనే చెల్లదట.

దొంగ బండ్లు ఉంటాయి, దొంగ ఎన్‌వోసీలు ఉంటాయి, సరిచూసుకోవడం మీ బాధ్యత. అందులో తప్పు పట్టను. సరిచూడకుండా నంబర్లు ఇస్తే రేపు నాలాంటి కొనుగోలుదారుడే పోలీస్ స్టేషన్ చుట్టూ తిరగాలి. కానీ దేశమంతా బండ్ల రికార్డులను ఒకేచోట ఉంచే ‘వాహన్’ కంప్యూటర్ వ్యవస్థలో ఉంటే మన రాష్ట్రం ఏళ్ల తరబడి దానికి బయటే ఉండిపోయింది. ఇప్పుడు కలుస్తున్నాం, కలిసిపోతున్నాం అంటున్నారు. మంచిదే. అది పూర్తయ్యేదాకా మధ్యలో ఇరుక్కున్న మా గతేంటి? మీ కంప్యూటరూ వాళ్ల కంప్యూటరూ మాట్లాడుకోకపోతే ఆ మౌనానికి అద్దె నేనెందుకు కట్టాలి?

అద్దె అని ఊరికే అనలేదు. ఆ కన్ఫర్మేషన్ వచ్చేదాకా లైఫ్ ట్యాక్స్ కట్టించుకోరట. నేను కడతానంటే తీసుకోరు. కట్టనందుకు మాత్రం పెనాల్టీ పెరుగుతూనే ఉంటుందట! నేను విన్నది తప్పేమోనని ఇంకోసారి అడిగాను. "అవునండి, లేటైతే పెనాల్టీ పడుతుంది" అన్నారు, వాన పడుతుంది అన్నంత మామూలుగా. లేటు చేసింది ఎవరు సార్? దుకాణం షట్టర్ దించి లోపల కూర్చుని, బాకీ కట్టలేదని బయటివాడికి వడ్డీ వేసినట్టుంది.

మోటారు వాహనాల చట్టం మీ శాఖకు కంఠతా వచ్చే ఉంటుంది. ఎన్‌వోసీ అడిగితే 30 రోజుల్లో ఇవ్వాలి, లేదా ఎందుకు ఇవ్వరో చెప్పాలి. ఏమీ చెప్పకపోతే ఇచ్చినట్టే లెక్క. 1988 నాటి చట్టమే అయినా సెక్షన్ 48లో ఎంత చక్కగా రాశారో చూడండి. ఆఫీసు నిద్రపోతే నష్టం పౌరుడికి రాకూడదన్న ఆలోచన అందులో ఉంది. మరి ఆ ఇచ్చిన ఎన్‌వోసీ నిజమా కాదా అని అడిగే ఆఫీసుకు గడువు ఎందుకు లేదు? ఎన్‌వోసీకి 30 రోజులు, దాని కన్ఫర్మేషన్‌కు జీవితకాలమా? లైఫ్ ట్యాక్స్ అంటే ఇదేనేమో అనుకున్నాను మొదట.

ఇక ట్యాక్స్ సంగతి. ఢిల్లీలో 10 లక్షలు దాటిన డీజిల్ కారుకు రోడ్ ట్యాక్స్ 12.5 శాతం. 16 లక్షల బండి అనుకుంటే కొత్తప్పుడే 2 లక్షలు కట్టేసి ఉంటారు. పదేళ్లు దాటితే తిరగనివ్వొద్దన్న బండికి 15 ఏళ్లకు సరిపడా కట్టించుకున్నారు, అది ఢిల్లీవాళ్ల గొప్పతనం, వాళ్లకు వేరే లేఖ రాయాలి. వాడుకోని కాలానికి రిఫండ్ ఇస్తామంటారు. అయితే దానికి తెలంగాణ కొత్త ఆర్సీ చూపించాలి. కొత్త ఆర్సీ కావాలంటే ముందు ఇక్కడ ట్యాక్స్ కట్టాలి. ట్యాక్స్ కట్టాలంటే కన్ఫర్మేషన్ రావాలి. అంటే మీ ఆఫీసులో ఆ ఒక్క ఉత్తరం కదలకపోవడంతో అక్కడ రావాల్సిన డబ్బు రాదు, ఇక్కడ కట్టాల్సిన డబ్బు పెరుగుతుంది.

ఈలోగా బండి ఎవరిది? కాగితం ప్రకారం ఇంకా ఢిల్లీ యజమానిదే. నేను ఇక్కడ పొరపాటున స్పీడ్ దాటితే చలానా మెసేజ్ ఆయనకు వెళ్తుంది. ఆయన ఫోన్ చేసి "భాయ్ సాబ్, అభీ తక్ నామ్ చేంజ్ నహీ హువా?" అని అడుగుతాడు. మొదట్లో మర్యాదగా అడిగేవాడు. ఇప్పుడు గొంతులో అనుమానం వినిపిస్తోంది. ఆయన్నీ తప్పు పట్టలేను. ప్రమాదం జరిగితే ఆర్సీలో పేరున్నవాడే యజమాని అని 2018లో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. బండి అమ్మేసి డబ్బు తీసుకున్న మనిషి పదిహేను వందల కిలోమీటర్ల అవతల కూర్చుని, నా డ్రైవింగ్ గురించి టెన్షన్ పడుతున్నాడు.

ఇన్సూరెన్స్ కూడా ఆయన పేరు మీదే. ఎదుటివాడికి దెబ్బ తగిలితే థర్డ్ పార్టీ కవర్ బండితో పాటే వస్తుందని చట్టం చెబుతుంది. నా బండికి దెబ్బ తగిలితే? కంపెనీ వాళ్లు కొత్త ఆర్సీ తెమ్మంటారు. ఫాస్టాగ్ కూడా అంతే, పాతది ఆయనది, కొత్తదానికి నా పేరున ఆర్సీ కావాలి. హైవే ఎక్కితే ఫాస్టాగ్ ఉన్నవాళ్లకన్నా ఎక్కువ టోల్ సమర్పించుకోవాలి. ఇవన్నీ చిన్న విషయాలే సార్, ఒక్కొక్కటీ చిన్నదే.

రోడ్డు మీద ఆపినప్పుడు మాత్రం పెద్ద విషయం అయిపోతుంది. నంబరు ప్లేటు మీద ఢిల్లీ కోడ్ డీఎల్ అన్న రెండు అక్షరాలు కనిపిస్తే చాలు, పక్కకు పెట్టమంటారు. ఇంట్లోవాళ్లు బండిలో కూర్చుని చూస్తుండగా దిగి నిలబడి సంజాయిషీ చెప్పుకోవాలి. సెక్షన్ 47 ప్రకారం 12 నెలలు దాటితేనే కొత్త నంబరు తప్పనిసరి అంటే, "అవన్నీ మాకు చెప్పకండి, లైఫ్ ట్యాక్స్ కట్టారా లేదా" అంటారు. దరఖాస్తు రసీదు చూపిస్తే, "ఇది రసీదు, ట్యాక్స్ కాదు" అంటారు. నిజమే. ట్యాక్స్ మీవాళ్లు తీసుకోవట్లేదు కాబట్టే రసీదు చూపిస్తున్నాను. మీ శాఖలో ఒక చేయి డబ్బు వద్దంటుంది, ఇంకో చేయి కట్టలేదని పట్టుకుంటుంది.

పుదుచ్చేరి నంబరుతో కోట్ల రూపాయల కార్లు హైదరాబాద్‌లో ఎలా తిరుగుతున్నాయో మీకు తెలుసు. పట్టుకుంటున్నారు, కేసులు పెడుతున్నారు, పేపర్లో చదువుతూనే ఉన్నాం. వాళ్లు ట్యాక్స్ ఎగ్గొట్టడానికి అక్కడి అడ్రసు పెట్టుకున్నారు. నేను ట్యాక్స్ కట్టడానికి మీ కౌంటరు ముందు నిలబడ్డాను. ఇద్దరినీ ఒకే చూపు చూస్తే, వచ్చి నిలబడేవాడు రేపటినుంచి ఎందుకు నిలబడాలి? దరఖాస్తే పెట్టకుండా ఢిల్లీ నంబరుతో దర్జాగా తిరిగేవాళ్లు నా చుట్టుపక్కలే ఉన్నారు. వాళ్లకు పెనాల్టీ భయం లేదు, ఎందుకంటే వాళ్ల పేరు మీ ఫైల్లోనే లేదు.

ఆఫీసు గేటు బయట ఏజెంటు మాత్రం చాలా ధైర్యం చెప్పాడు. "లెటర్ సంగతి నాకొదిలేయండి సార్, వారంలో తెప్పిస్తా" అన్నాడు. ఆఫీసుకే రాని లెటర్ గేటు బయటి మనిషికి వారంలో ఎలా వస్తుందో నేను అడగలేదు. మీరే అడగండి.

మీరు మంచి పనులు చేయలేదని అనను. 2025 అక్టోబరులో రవాణా చెక్‌పోస్టులు ఎత్తేశారు, సంతోషించాం. 2024 మార్చిలో టీఎస్ పోయి టీజీ వచ్చింది. రాష్ట్రం మొత్తానికి కొత్త కోడ్ వచ్చేసి, కొత్త బండ్లన్నీ దానితో తిరగడం మొదలుపెట్టాయి. రాష్ట్రానికి అంత తొందరగా అక్షరం మార్చగలిగిన శాఖ నా ఒక్క బండికి మార్చలేకపోతోందంటే, నమ్మమంటారా? ఉద్యోగాల మీద రాష్ట్రాలు మారేవాళ్లకు బీహెచ్ సిరీస్ అని కేంద్రం 2021లోనే ఒక దారి చూపింది. అది ప్రభుత్వ ఉద్యోగులకు, నాలుగు రాష్ట్రాల్లో ఆఫీసులున్న కంపెనీల వాళ్లకు. చిన్న వ్యాపారం చేసుకునే నాకు ఆ దారీ లేదు, మీ కౌంటరు ఒక్కటే దిక్కు.

అడిగేది పెద్ద కోరిక కాదు. ట్యాక్స్ తగ్గించమని అడగట్లేదు, మినహాయింపూ వద్దు. యాప్‌లో కనిపించే ఎన్‌వోసీని మీ ఆఫీసులు నమ్మేలా ఒక ఉత్తర్వు ఇవ్వండి. కుదరదంటే లెటర్‌కు ఒక గడువు పెట్టండి, 30 రోజులో ఇంకెన్నో మీ ఇష్టం, గడువు దాటితే కన్ఫర్మ్ అయినట్టే అనండి. అదీ కుదరదంటే లెటర్ ఏ తేదీన పంపారో దరఖాస్తుదారుడికి ఒక మెసేజ్ అయినా పెట్టించండి, మెసేజ్‌లు పంపడంలో మీ శాఖకు కొదవేమీ లేదు. దరఖాస్తు పెట్టిన రోజునుంచి పెనాల్టీ లెక్క ఆపండి. దరఖాస్తు రసీదు చూపించినవాళ్లను రోడ్డు మీద దొంగల్లా నిలబెట్టొద్దని మీ సిబ్బందికి చెప్పండి. ఏదో ఒకటి చేయండి సార్.

పెనాల్టీ విషయం మళ్లీ చెబుతున్నాను, విసుక్కోకండి. నా దరఖాస్తు తేదీ మీ కంప్యూటర్లోనే ఉంది. ఆ తేదీ తర్వాత పడిన ప్రతి రూపాయీ మీ ఆఫీసు జాప్యానిదే. అది రద్దు చేసి, అసలు ట్యాక్స్‌కు చలానా ఇప్పించండి. డబ్బు ఖాతాలో సిద్ధంగా ఉంది. రేపు ఉదయం కౌంటరు తెరిచి తీసుకుంటామంటే రేపే వచ్చి కడతాను.

ఇట్లు,
కన్ఫర్మేషన్ కోసం ఎదురుచూస్తున్న ఒక వాహన యజమాని