మా నాన్న కోసం నిలబడిన అందరికీ

అందరికీ నమస్కారమండి. నాన్నకి వచ్చిన రక్త క్యాన్సర్‌కి మొదటి విడత కీమో అయింది. ఎముక మూలుగ పరీక్ష మళ్లీ చేసి, జబ్బు రెమిషన్‌లోకి వచ్చిందని, అంటే బాగా అణిగిందని డాక్టరుగారు చెప్పారు. నోట్లో గడ్డలు కూడా కరిగిపోయాయి.

మొదటి దండం అమలాపురంలో పళ్ల డాక్టరమ్మగారికి. నాన్న అంబాజీపేటలో కొబ్బరి ఒలుపు పనికి వెళ్తారు. చిగుళ్లు ఉబ్బి, అంగిట్లో ఉసిరికాయంత గడ్డ లేచినా పంటి పోటే అనుకుని లవంగ నూనె రాసుకుని పనికెళ్లిపోయేవారు. ఒకచోట పన్ను పీకేద్దామన్నారు కూడా. ఈవిడ మాత్రం చిగుళ్లు చూసి, కింది కనురెప్ప లాగి చూసి, చేతుల మీది ఎర్రచుక్కలు చూసి, "రక్తపరీక్ష అయ్యేదాకా పన్ను ముట్టుకోనండి" అన్నారు. తెల్లకణాలు విపరీతంగా పెరిగిపోయి, రక్తం గడ్డకట్టడానికి కావలసిన ప్లేట్‌లెట్లు అడుగంటి ఉన్నాయి. అప్పుడు పన్ను పీకి ఉంటే రక్తం ఆపడం చాలా కష్టమయ్యేదని విశాఖ ఆసుపత్రిలో చెప్పారు. గడ్డలోంచి ముక్క తీసి పరీక్షిస్తే మైలాయిడ్ సార్కోమా అని వచ్చింది. మూలుగలో పుట్టే రక్త క్యాన్సర్ కణాలే బయటికొచ్చి అలా గడ్డ కడతాయట. అసలు జబ్బు అక్యూట్ మైలాయిడ్ లుకేమియా అనే, వేగంగా ముదిరే రక్త క్యాన్సర్. అమ్మా, మీ రుణం మేం తీర్చుకోలేం.

తర్వాత ప్లేట్‌లెట్లు ఇచ్చిన తమ్ముళ్లు. సైటరాబిన్ అనే కీమో మందు 7 రోజులు, దాంతోపాటు మొదటి 3 రోజులు ఎర్రగా ఉండే ఇంకో కీమో మందు ఎక్కించాక రక్తకణాలన్నీ పడిపోతాయి. ప్లేట్‌లెట్లేమో 5 రోజులకు మించి నిలవుండవు, ముందే తెచ్చి దాచుకోవడానికి లేదు. కబురందిన ప్రతిసారీ మన కోనసీమ నుంచి వెళ్లి విశాఖలో చదువుకుంటున్న పిల్లలు పరీక్షలున్నా వచ్చి ప్లేట్‌లెట్లు తీసే మెషీన్ దగ్గర గంటకు పైగా కూర్చున్నారు. ఒక బాబు రెండోసారి కూడా వచ్చాడు. వాళ్లమ్మగారికి ఫోన్ చేస్తే, "వాడే వెళ్తానన్నాడమ్మా, మీరు ధైర్యంగా ఉండండి" అన్నారు. ఆవిడకీ నా దండాలు.

ఆరోగ్యశ్రీలో వైద్యం జరిగినా గది అద్దె, తిండి, ప్రయాణాలు మా శక్తికి మించినవి. కువైట్‌లో ఉన్న మా వీధి అన్నయ్యలు అడక్కుండానే పంపారు. డ్వాక్రా అక్కలు అమ్మ వాయిదా కట్టేశారు. నోరంతా పూసి మంచినీళ్లు కూడా దిగని రోజుల్లో జావ చల్లార్చి చెంచాతో పట్టించిన నర్సమ్మని నాన్న రోజూ తలుచుకుంటారు.

రెండో విడత త్వరలో మొదలవుతుంది. ఇన్ఫెక్షన్ భయం వల్ల ఎవరినీ చూడటానికి రానివ్వడం లేదు. దయచేసి ఏమీ అనుకోకండి. ఇంటికి రాగానే నాన్నే మీ అందరికీ స్వయంగా ఫోన్ చేస్తానన్నారు.