బ్యాకప్ తీశారా అని కాదు, తిరిగి తెచ్చి చూశారా అని అడగండి: సమాచార సాంకేతిక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి నమస్కారం.

నేను బ్యాకప్ గదిలో పనిచేసేవాణ్ణి. రాత్రిపూట సర్వర్లలోని ఫైళ్లను నెట్‌వర్క్ మీదుగా తెచ్చి ముందు డిస్కులోకి, తర్వాత అయస్కాంత టేపుల్లోకి ఎక్కిస్తాను. ఎవరి ఫైలైనా పోతే వెతికి వెనక్కి ఇస్తాను. ఎక్కించే పని రోజూ ఉంటుంది, వెనక్కి ఇచ్చే పని ఎప్పుడో గానీ పడదు. ఎప్పుడో పడే ఆ పని గురించే ఈ ఉత్తరం.

మేం నెలనెలా పైకి పంపే నివేదికలో ఒక గడి ఉంటుంది. "బ్యాకప్ తీశారా?" అని. "అవును" అని రాస్తాం. అబద్ధం కాదు, నిజంగానే తీస్తాం. తీసినదాన్ని మళ్లీ బయటికి తీసి చూశారా అని మాత్రం ఏ గడీ అడగదు. అడగరు కాబట్టి చూడం. నన్ను కూడా కలుపుకునే చెబుతున్నాను.

ఒకసారి ఏం జరిగిందో చెప్తాను. నేను అప్పట్లో పనిచేసిన చోట అకౌంట్స్ విభాగం ఫోల్డరు మొత్తం చెరిగిపోయింది. పొరపాటున ఎవరో డిలీట్ కొట్టారు. అక్కడి సీనియర్ ఉద్యోగిని ఒకావిడ మా గదికి వచ్చి, "బాబూ, నిన్నటిది లేకపోయినా పర్లేదు, పోయిన వారానిది ఇచ్చినా చాలు, మిగతాది మేం చూసుకుంటాం" అన్నారు. నేను ధీమాగానే ఉన్నాను. టేపు తెచ్చి, పొరపాటున దాని మీద ఏదీ రాయకుండా మూల ఉన్న చిన్న బుడిపెను లాక్ వైపు జరిపి, డ్రైవులో పెట్టాను. టేపులో ఏముందో చెప్పే జాబితాలో, అంటే కేటలాగులో, ఫోల్డరు పేరు కనిపించింది. టిక్కు పెట్టి, పాతదాని మీద పడకుండా వేరే చోటికి రీస్టోర్ ఇచ్చాను. నిమిషం లోపే "పూర్తయింది" అని వచ్చింది. ఆ వేగానికే నాకు అనుమానం రావాల్సింది. తెరిచి చూస్తే ఫోల్డరు ఉంది, లోపల ఒక్క ఫైలు లేదు.

కారణం దొరకడానికి సాయంత్రమైంది. ఎనిమిది నెలల కిందట డిస్కు నిండిపోతే కొత్త డిస్కు తెచ్చి సరిగ్గా ఆ ఫోల్డరు చోటనే తగిలించారు. డిస్కులో ఫైళ్లను అమర్చి పెట్టే ఏర్పాటును ఫైల్ సిస్టమ్ అంటాం, కొత్త డిస్కుకు అది వేరేగా ఉంటుంది. కొన్ని బ్యాకప్ సాఫ్ట్‌వేర్లు ప్రత్యేకంగా చెబితే తప్ప ఒక ఫైల్ సిస్టమ్ నుంచి ఇంకో ఫైల్ సిస్టమ్‌లోకి దిగవు. మాదీ దిగలేదు. దిగడం లేదన్న సంగతిని దాచిపెట్టనూ లేదు. ప్రతి రాత్రీ తను చేసిన పని నమోదు చేసే లాగ్ ఫైలులో ఒక వరుస రాసింది: ఇది వేరే ఫైల్ సిస్టమ్, లోపలికి వెళ్లడం లేదు అని. దాని కింద, అందరికీ కనిపించేలా, "బ్యాకప్ ఓకే". మేం ఆ "ఓకే" వరకే చదివాం, ఎనిమిది నెలల పాటు. అంతకుముందు తీసిన ఫుల్ బ్యాకప్ టేపులు గడువు తీరాయని అప్పటికే మళ్లీ రాతకు వాడేశాం. ఆవిడా, ఆవిడ విభాగంవాళ్లూ కాగితాలు ముందేసుకుని నెలల తరబడి అన్నీ మళ్లీ టైపు చేసుకున్నారు. ఆ తర్వాత చాలా రోజులు క్యాంటీనులో ఆవిడ ఎదురుపడితే నేను పక్కకు తప్పుకునేవాణ్ణి.

ఇది మా ఒక్కరి అజాగ్రత్త అనుకునే వీలు లేకుండా ప్రపంచానికంతా తెలిసిన ఉదాహరణలున్నాయి. 2017 జనవరి 31న, ప్రోగ్రామర్ల కోడ్ దాచిపెట్టే గిట్‌ల్యాబ్ అనే కంపెనీలో ఒక ఇంజినీరు ఒక సర్వర్ అనుకుని ఇంకో సర్వర్‌లో డేటాబేస్ చెరిపేశారు. పొరపాటు తెలిసి ఆపేసరికి దాదాపు 300 జీబీలో 4.5 జీబీ మిగిలింది. రోజువారీ బ్యాకప్ ఉందిగా అని వెళ్లి చూస్తే ఆ చోటు ఖాళీ. డేటాబేస్ ఒక వెర్షన్, బ్యాకప్ తీసే ప్రోగ్రాం అంతకంటే పాత వెర్షన్. ఆ తేడాతో బ్యాకప్ చాలాకాలంగా ఫెయిలవుతూనే ఉంది. ఫెయిలైందని చెప్పే ఈమెయిళ్లు వెళ్తూనే ఉన్నాయి, మెయిల్ సర్వర్ వాటిని తిప్పి కొడుతూనే ఉంది. ఒకటి కాదు, ఐదు రకాల ఏర్పాట్లు పెట్టుకుని ఒక్కటీ సమయానికి అక్కరకు రాలేదు. వేరే పని కోసం ఆరు గంటల ముందు ఒకరు చేత్తో తీసి పెట్టుకున్న కాపీ ఒకటి ఉండబట్టి బయటపడ్డారు. జరిగినదంతా దాపరికం లేకుండా వాళ్లే రాసి పెట్టారు. మా రంగంలో అంత ధైర్యం అరుదు.

దీనికి ఎదురు ఉదాహరణ కూడా ఉంది. 2011 ఫిబ్రవరిలో ఒక సాఫ్ట్‌వేర్ లోపం వల్ల జీమెయిల్ వాడేవాళ్లలో కొద్దిమందికి, నూటికి 0.02 మందికి, మెయిల్ పెట్టె ఖాళీగా కనిపించింది. ఆన్‌లైన్‌లో ఉన్న పలు కాపీలకూ అదే లోపం పాకింది. ఆ లోపం అంటనివి నెట్‌వర్క్‌తో సంబంధం లేని టేపులే. వాటి నుంచి వెనక్కి తెచ్చారు. ఇప్పుడు రాన్సమ్‌వేర్, అంటే ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే ప్రోగ్రాం, వచ్చి డిస్కు మీది బ్యాకప్‌నే ముందు వెతికి లాక్ చేస్తున్న రోజుల్లో ఈ సంగతికి విలువ ఇంకా పెరిగింది.

మీలాంటి హోదాలో ఉన్నవారు గుర్తుంచుకోవాల్సింది మాత్రం 2025 సెప్టెంబర్ 26. దక్షిణ కొరియాలోని డేజాన్ ప్రభుత్వ డేటా సెంటర్‌లో బ్యాటరీల దగ్గర మంటలంటుకున్నాయి. ప్రభుత్వ ఉద్యోగులు తమ ఫైళ్లు దాచుకునే జీ-డ్రైవ్ అనే వ్యవస్థ కాలిపోయింది. అందులో 858 టీబీ (టెరాబైట్లు, ఒక్కోటి వెయ్యి జీబీ) సమాచారం. పరిమాణం పెద్దదని బయట ఎక్కడా కాపీ పెట్టలేదు. ఆ "పెద్దది" అన్న మాట విన్నప్పుడు నేను కాగితం మీద లెక్క వేశాను. ఎల్‌టీవో అనే రకం టేపుల్లో తొమ్మిదో తరానిది, ఎల్‌టీవో-9, ఒక్కోటి కుదించకుండానే 18 టీబీ పట్టుకుంటుంది. 48 టేపులు. ఒక్కో టేపు అరచేతిలో ఇమిడే పెట్టె. బీరువాలో ఒక అర చాలు.

లెక్కలో రెండో సగం కూడా ఉంది, మాట దాచడం ఎందుకు. ఆ టేపును చదివే డ్రైవు గరిష్ఠ వేగం సెకనుకు 400 ఎంబీ. ఒక్క టేపును మొదటి నుంచి చివరిదాకా చదవడానికి పన్నెండున్నర గంటలు. 858 టీబీని ఒకే డ్రైవుతో వెనక్కి తేవాలంటే రాత్రీ పగలూ ఆపకుండా 25 రోజులు. నాలుగు డ్రైవులుంటే ఆరు రోజుల పైమాట. అది కూడా అవతల రాసుకునే డిస్కు, మధ్యలో నెట్‌వర్క్ అంత వేగాన్ని తట్టుకుంటేనే. "రేపు పొద్దున్నకల్లా సిస్టమ్ లేవాలి" అని ఫోన్లో గద్దించేవాళ్లలో ఎవరూ ఈ భాగహారం చేసి ఉండరు. ముందే చేసి ఉంటే ఏది మొదట తేవాలో, ఏది వారం ఆగగలదో ఒక వరుస రాసుకుని ఉండేవాళ్లం.

పైగా మేం రోజూ మొత్తం తీయం. ఆదివారం ఫుల్ బ్యాకప్, మిగతా రోజుల్లో మారినవి మాత్రమే. శుక్రవారం పోయినదాన్ని తేవాలంటే ఆదివారం టేపు, ఆపైన సోమవారం నుంచి గురువారం దాకా ఒకదాని తర్వాత ఒకటి పేర్చుకుంటూ రావాలి. మధ్యలో బుధవారానిది చదవలేకపోతే ఆ రోజు మారిన ఫైళ్లకు పాత రూపమే మిగులుతుంది. అది తప్పు రూపమని చూడగానే తెలియదు కూడా. ఖాళీ ఫోల్డరు కంటే నాకు ఇదే ఎక్కువ భయం.

ఇంకో విషయం టెండర్లు రాసేవాళ్లకు చేరాలి. టేపు సరిగ్గా దాస్తే 30 ఏళ్లు ఉంటుందని తయారీదారులు చెబుతారు. ఆ టేపును చదివే డ్రైవు 30 ఏళ్లు ఉంటుందని ఎవరూ చెప్పరు. ఎల్‌టీవో-7 వరకు ఏ డ్రైవైనా రెండు తరాల వెనకటి టేపులు చదివేది. ఎల్‌టీవో-8, ఎల్‌టీవో-9 డ్రైవులకు ఒక్క తరమే. అంటే 2012లో వచ్చిన ఎల్‌టీవో-6 టేపును ఎల్‌టీవో-8 డ్రైవులో పెడితే చదవదు. టేపులను తనే మార్చుకునే యంత్రం, అంటే కొత్త టేపు లైబ్రరీ, కొన్న సంబరంలో పాత డ్రైవును తుక్కుకు వేస్తే, ఆ టేపుల్లోని సమాచారమంతా భద్రంగా, ఎవరికీ అందకుండా ఉంటుంది.

టేపులో ఏది ఎక్కడుందో చెప్పే కేటలాగును కూడా అదే సర్వర్‌లో పెట్టి, ఆ సర్వర్ కాలిపోయాక తల పట్టుకున్నవాళ్లు ఉన్నారు. బాక్యులా లాంటి సాఫ్ట్‌వేర్‌లో టేపు మొత్తం చదివించి కేటలాగును తిరిగి కట్టుకోవచ్చు, గంటలూ రోజులూ పోతాయి అంతే. అమాండా అనే పాత ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఒక ముచ్చటైన పద్ధతి ఉంది. టేపు మీద ప్రతి బ్యాకప్‌కూ ముందు 32 కేబీ చోటు వదిలి, ఇది ఏ మెషీన్‌ది, ఏ తేదీది, దీన్ని బయటికి తీయాలంటే ఏ కమాండ్ కొట్టాలి అన్నది మామూలు అక్షరాల్లో రాసి పెడుతుంది. అమాండా లేకపోయినా, దాన్ని పెట్టిన మనిషి లేకపోయినా, ఆ నాలుగు ముక్కలు చదివి డీడీ, టార్ అనే మామూలు కమాండ్లతో ఫైళ్లు తెచ్చుకోవచ్చు. తన తర్వాత వచ్చేవాడి మీద అంత దయ ఉన్న ప్రోగ్రామర్లు ఉన్నారంటే నాకు ఇప్పటికీ ఆనందమే. తాళంచెవి లేనిదే చదవలేని సంకేతంగా సమాచారాన్ని మార్చే ఎన్‌క్రిప్షన్ పెడితే మాత్రం ఏ దయా పనిచేయదు. తాళంచెవి పోతే టేపు ప్లాస్టిక్ ముక్కే. ఆ తాళంచెవి ఎక్కడుందో మా ఆఫీసులో ఇద్దరికి తెలుసు. ఒకాయన వచ్చే ఏడాది రిటైరవుతున్నారు.

అయ్యా, కొత్త పథకమో, కొత్త యంత్రాలో కావాలని నేను రాయడం లేదు. ఆ నెలవారీ నివేదికలో గడి మార్పించండి. "బ్యాకప్ తీశారా" తీసేసి, ఈ నెల ఏ ఫైలును వెనక్కి తెచ్చారు, అది ఏ తేదీ నాటిది, ఎంతసేపు పట్టింది, దాన్ని తెరిచి చూసి సరిగ్గా ఉందన్నది ఎవరు అని అడిగించండి. ఆ చివరి పేరు నాలాంటివాడిది కాకూడదు. ఫైలు ఎవరిదో వాళ్లదే కావాలి. ఫైలు వచ్చిందో లేదో నేను చెప్పగలను, లోపలి అంకెలు సరైనవో కావో అకౌంట్స్ ఆవిడ మాత్రమే చెప్పగలరు. ఏడాదికి ఒక్కసారి ఒక సర్వర్ మొత్తాన్ని ఖాళీ మెషీన్ మీదికి తెచ్చి నడిపి చూపించమనండి. దానికి ఖాళీ డిస్కు చోటు కావాలి, ఒక మనిషికి రెండు మూడు రోజుల పని. ఆ డిస్కు అడిగిన ప్రతిసారీ "ఖాళీగా పెట్టుకోవడానికా?" అని ఫైలు వెనక్కి వచ్చేది. ఇకమీదట రాకుండా మీ మాట ఒకటి కావాలి. పాత డ్రైవులను వదిలించుకునే ముందు వాటి టేపులు కొత్తవాటిలోకి ఎక్కాయని సంతకం తీసుకునే నిబంధన కూడా పెట్టించండి.

మొదట మీ దగ్గరే మొదలుపెట్టవచ్చు. మీ పేషీలో రెండేళ్ల కిందటి ఏదో ఒక ఉత్తరం పేరు, తేదీ చెప్పి, ముందుగా కబురు పెట్టకుండా మీ బ్యాకప్ విభాగానికి ఫోన్ చేసి దాన్ని టేపు నుంచి తెచ్చి ఇవ్వమనండి. ఎవరినీ తప్పు పట్టనని ముందే చెప్పండి, లేకపోతే నిజం బయటికి రాదు. ఎంతసేపటికి వచ్చిందో, లేదా ఎందుకు రాలేదో, ఆ వివరం మా అందరికీ తెలిసేలా ప్రకటించమని కోరుతున్నాను.

ఇట్లు,
భవదీయుడు,
బ్యాకప్ గదిలో పనిచేసే ఒక ఉద్యోగి