విశాఖలో స్పీడు కారా, కరెంటు కారా: ముందు సెల్లారు చూడండి

సంపాదకుల వారికి నమస్కారం.

డెబ్బై, ఎనభై లక్షలు పెట్టి కారు కొనాలనుకునే విశాఖవాసులు ఇప్పుడు ఒకే ప్రశ్న దగ్గర ఆగుతున్నారు. బలమైన పెట్రోలు ఇంజిన్ ఉన్న కారా, అదే స్థాయి కరెంటు కారా? పత్రికల్లో వచ్చే పోలికలన్నీ సున్నా నుంచి వంద కిలోమీటర్ల వేగానికి ఎన్ని సెకన్లన్న లెక్క చుట్టూనే తిరుగుతున్నాయి. బీఎండబ్ల్యూ ఎం340ఐకి 4.4 సెకన్లు, అదే కంపెనీ ఐ4 ఈడ్రైవ్40కి 5.7 సెకన్లు. మద్దిలపాలెం సిగ్నల్ దగ్గర ఈ తేడాతో ఎవరికీ పని లేదు. 2025 సెప్టెంబరు 22 నుంచి పెద్ద పెట్రోలు కార్ల మీద జీఎస్టీ 40 శాతం, కరెంటు కార్ల మీద 5 శాతం. అయినా షోరూం ధరను బట్టి కూడా తేల్చుకోవద్దనే మా మాట.

ముందు మీ పార్కింగు సంగతి చూడండి. 80 యూనిట్ల బ్యాటరీని మామూలు 16 ఆంపియర్ల సాకెట్ మీద నింపాలంటే ఒక పగలూ ఒక రాత్రీ దాటుతుంది. పైగా ఏసీకి సరిపోయిన సాకెట్ కారుకు సరిపోదు. ఏసీ కంప్రెసర్ ఆగి ఆగి నడుస్తుంది, కారు మాత్రం గంటల తరబడి ఒకే పట్టున కరెంటు లాగుతుంది. స్క్రూ కాస్త వదులుగా ఉంటే అక్కడే వేడెక్కి సాకెట్ కరిగిపోతుంది. 7.4 కిలోవాట్ల చార్జరు పెట్టుకుంటే పదకొండు, పన్నెండు గంటల్లో నిండుతుంది. దానికి సింగిల్ ఫేజ్‌లో 32 ఆంపియర్లు కావాలి. మీటరు బోర్డు నుంచి విడిగా 6 స్క్వేర్ ఎంఎం కాపర్ వైరు లాగాలి. దూరం 30 మీటర్లు దాటితే 10 స్క్వేర్ వేయండి, లేకపోతే వోల్టేజీ పడిపోతుంది. 40 ఆంపియర్ల ఎంసీబీ (కరెంటు మితిమీరితే ఆపేసే స్విచ్), 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ఆపేసే స్విచ్) ఆ వైరుకు మాత్రమే ఉండాలి. ఆర్‌సీసీబీ టైప్ ఏసీ రకం, అంటే ఏసీ కరెంటు లీకేజీని మాత్రమే పసిగట్టేది, వద్దు. కారు నుంచి డీసీ లీకేజీ వస్తే అది మొద్దుబారి, నిజంగా షాక్ కొట్టే వేళకు ట్రిప్ కాదు. చార్జరులోనే డీసీ లీకేజీని పసిగట్టే ఏర్పాటు ఉంటే టైప్ ఏ చాలు, లేకుంటే టైప్ బి పెట్టాలి.

కొండరాతి మీద కట్టిన ఇళ్ళలోనూ, బీచ్ పక్క ఎండిన ఇసుక నేలలోనూ ఎర్తింగ్ బలహీనంగా ఉంటుంది. ఎర్త్ బాగోకపోతే కారు చార్జింగ్ తీసుకోదు. జనం చార్జరు పాడైందని మార్పిస్తారు, కొత్తదీ పనిచెయ్యదు. ముందు ఎర్త్ కొలిపించండి. ఫ్లాటుకు మంజూరైన లోడ్ 5 కిలోవాట్లే ఉంటే విద్యుత్ పంపిణీ సంస్థ ఈపీడీసీఎల్‌లో పెంచుకోక తప్పదు. అసోసియేషన్ వైరు లాగనివ్వకపోతే కరెంటు కారు ఆలోచన మానుకోవడమే మేలు. బయటి చార్జర్లనే నమ్ముకుంటే డబ్బూ పోతుంది, ఓపికా పోతుంది.

పార్కింగు కుదిరితే రోజువారీ ఖర్చులో పోటీయే లేదు. నెలకు 1,000 కిలోమీటర్లకు చార్జింగులో వృథా అయ్యేదానితో కలిపి 200 యూనిట్లు. యూనిట్ పది రూపాయలు వేసుకున్నా రెండు వేలే. ఊళ్ళో లీటరుకు ఏడెనిమిది కిలోమీటర్లు ఇచ్చే పెట్రోలు కారుకు 125 లీటర్ల పైనే పోయాలి. లీటరు వంద రూపాయలు దాటిందని వేరే చెప్పక్కర్లేదు. ఖర్చొక్కటే కాదు. ఎంవీపీ కాలనీ నుంచి సిరిపురం దాకా వెళ్ళి ఆపేసే ప్రయాణాల్లో టర్బో ఇంజిన్ ఆయిలు సరిగ్గా వేడెక్కదు. తేమా, కాలని పెట్రోలూ ఆయిల్లో కలిసి దాన్ని పలచన చేస్తాయి. ఇంజెక్టరు నేరుగా సిలిండరులోకి కొట్టే ఇంజిన్లలో గాలి లోపలికి వచ్చే ఇన్‌టేక్ వాల్వులను పెట్రోలు తాకదు కాబట్టి వాటి మీద మసి గట్టిపడుతుంది. అలాంటి కారు ఉన్నవాళ్ళు వారానికోసారైనా ఆగకుండా భీమిలి దాకా వెళ్ళి రావాలి. కారు 15,000 కిలోమీటర్లకు గుర్తుచేసినా ఆయిలు 8,000కే మార్చాలి.

కరెంటు కారుకూ మన ఊళ్ళో ఒక శత్రువుంది, ఉప్పుగాలి. వేగం తగ్గించే పని చాలావరకు మోటారే చేసేస్తుంది కాబట్టి బ్రేకు ప్యాడ్లు డిస్కులను తాకడం తక్కువ. రుషికొండ వైపు రాత్రంతా నిలిపిన కారు డిస్కుల మీద తెల్లారేసరికి ఎర్రటి పొర కనిపిస్తుంది. రోజూ బ్రేకు రాపిడి లేకపోతే ఆ పొర గుంటలుగా మారి, ప్యాడ్లు అరగకుండానే డిస్కులు మార్చాల్సివస్తుంది. వారానికోసారి ఖాళీ రోడ్డు మీద, కారుతో ఇచ్చిన మాన్యువల్ పుస్తకం ఒప్పుకుంటే గేరు ఎన్‌లో (న్యూట్రల్) పెట్టి, అయిదారుసార్లు గట్టిగా బ్రేకు వేయండి. నెలకోసారి అడుగు భాగం మంచినీళ్ళతో కడిగించండి.

అరకు ఘాట్ గురించి భయం అనవసరం. మనుషులతో కలిపి 2,200 కిలోల బండిని వెయ్యి మీటర్లు పైకెత్తడానికి అయ్యేది 6 యూనిట్లు. దారి ఖర్చు కలిపినా 30కి లోపే. దిగేటప్పుడు ఆ 6 యూనిట్లలో సగానికి పైగా వెనక్కి వస్తుంది. అరకులో మాత్రం బ్యాటరీ నూరు శాతం నింపొద్దు. నిండిన బ్యాటరీ తిరిగొచ్చే కరెంటు తీసుకోదు, భారమంతా బ్రేకుల మీద పడుతుంది. అయితే అనంతగిరి మలుపుల్లో దాదాపు 300 కిలోలు తేలికైన పెట్రోలు కారు ఇచ్చే ఆనందం వేరు. దానికోసమే కొనేవాళ్ళను మేము కాదనం.

హైవే మీద బ్రోషరు అంకె నమ్మకండి. కియా ఈవీ6 మొదటి మోడల్‌కు వాహనాలను పరీక్షించే సంస్థ ఏఆర్‌ఏఐ లెక్క 708 కిలోమీటర్లు. నిలకడగా వందలో వెళ్తూ నూరు కిలోమీటర్లకు 20 యూనిట్లు పోతే దాని 77.4 యూనిట్లు 390 దగ్గర అయిపోతాయి. విజయవాడ 350. బ్యాటరీ అడుగంటే దాకా నడపలేం కాబట్టి మధ్యలో ఒకసారి ఆగాల్సిందే. 60 కిలోవాట్ల చార్జరు మీద పది నుంచి ఎనభై శాతానికి గంట పడుతుంది, కారు 200 కిలోవాట్లు తీసుకోగలదన్నా సరే. నెలకు నాలుగుసార్లు హైదరాబాద్ వెళ్ళేవాళ్ళకు పెట్రోలే సుఖం.

తుపాను సంగతీ చెప్పాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చాక రోజుల తరబడి కరెంటు లేదు. హెచ్చరిక రాగానే బ్యాటరీ నింపి, బండిని సెల్లారులోంచి ఎత్తుకు మార్చండి. బ్యాటరీకి ఐపీ67 రక్షణ అంటే మీటరు లోతు మంచినీళ్ళలో అరగంట పరీక్ష మాత్రమే. ఉప్పునీళ్ళలో మునిగిన బ్యాటరీ రోజుల తర్వాత కూడా అంటుకోవచ్చు. అలాంటి బండికి చార్జింగ్ పెట్టకండి, ఆన్ చెయ్యకండి, ఇంటికి దూరంగా ఆరుబయటే ఉంచి సర్వీసు సెంటరుకు చెప్పండి. పెట్రోలు కారైనా నీళ్ళలో ఆగితే మళ్ళీ స్టార్ట్ కొట్టొద్దు. సిలిండరులోకి నీళ్ళు చేరితే కనెక్టింగ్ రాడ్లు వంగిపోతాయి.

మీ వాహనాల పేజీలో సెకన్లతో పాటు నిలకడగా వందలో వెళ్తే వచ్చే దూరం, నాలుగు టైర్ల ధర, బ్రేకు డిస్కుల ధర, బ్యాటరీ వారంటీ ఎంత శాతం సామర్థ్యం దగ్గర వర్తిస్తుందన్నది కూడా అచ్చు వేయమని మనవి.

కార్ల మరమ్మతు, చార్జర్ల బిగింపు పనుల్లో ఉన్న పాఠకులు,
విశాఖపట్నం